కాంపౌండరు గిటారుకు ఆరు మైకులు

ఏ మైకు కొనాలో చెప్పమని ఈ కాలం పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఇంట్లోనే గిటారు వాయించి రికార్డు చేసుకుంటారట. మైకు కొనడం ఏమంత ఘనకార్యం? దుడ్లుంటే గాడిద కూడా కొంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అడగండ్రా అంటే వినే ఓపిక ఒక్కడికీ ఉండదు. ఫోనులో ఏదో బొమ్మ చూపించి, "ఇది మంచిదేనా అంకుల్?" అంటారు. మంచిదే నాయనా, దాని డబ్బా ఇంకా బాగుంది, డబ్బానే పెట్టుకో అంటాను. నవ్వుకుంటూ పోతారు. తిట్టానని కూడా తెలియదు వాళ్ళకు.

సరే, తిట్టినా తెలియనివాళ్ళకు జరిగినది చెబితేనన్నా తెలుస్తుందేమో చూద్దాం.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక మైకుసెట్ల షాపులో పనికి చేరాను. రేడియో రిపేరు నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్న రోజులు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, హరికథలు, ఎన్నికల సభలు, పాణ్యం నుంచి ఆళ్ళగడ్డ దాకా ఎక్కడ గోల కావాలన్నా మేమే పోయి పెట్టేవాళ్ళం. ఎనభైల్లోకి వచ్చాక ఊరంతా క్యాసెట్ల మోజు పట్టుకుంది. మా ఓనరు వెంటనే షాపు బోర్డు మీద 'రికార్డింగ్' అనే మాట కూడా రాయించాడు. రాయించడానికి పెయింటరు కావాలి గానీ తెలివి అక్కర్లేదు కదా!

ఆయనొకసారి ఆంప్లిఫయరు కొనడానికి మద్రాసు పోయి, ఏదో స్టూడియో గేటు ముందు నిలబడి టీ తాగి వచ్చాడు. అప్పటినుంచి ఎవరేమన్నా, "నేను మద్రాసు స్టూడియోలు చూసినోణ్ణప్పా, నాకా చెప్తావ్?" అనేవాడు. ఆ గేటు రంగు తప్ప లోపలిది ఏదీ ఆయనకు తెలియదు. ఆయన విద్య మొత్తం ఒక్క ముక్క: మైకును నోటి దగ్గర పెట్టాలి. నాయకుడైతే నాయకుడి నోరు, హరికథ చెప్పే దాసుగారైతే దాసుగారి నోరు. నోరు లేనిదానికి మైకు ఎక్కడ పెట్టాలనే ప్రశ్న ఆయన బతుకులో ఎప్పుడూ రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మీకు పుస్తకాల్లో దొరకదు. మా వైపు సభల్లో ఒక మనిషి ముందు ఎన్ని మైకులుంటే వాడు అంత పెద్దమనిషి. వార్డు మెంబరుకు ఒకటి. సమితి ప్రెసిడెంటుకు రెండో మూడో. మంత్రి వస్తే గుత్తిగా కట్టాలి. వాటిలో ఆంప్లిఫయరుకు తగిలించేది ఒక్కదాన్నే. మిగతావన్నీ ఉత్తివి. వాటి వైర్లు గుడ్డ కింద దాచి స్టాండుకు బిగించేది నేనే. నాయకులకు తెలియదు, జనాలకు తెలియదు. మరునాడు టీ అంగళ్ళలో మాత్రం, "మీవానికి రెండే పెట్టిరంట గదప్పా" అని లెక్కలు తీసి కొట్లాటకు దిగేవాళ్ళు. నోరున్నవాడి ముందు పనిచేయని మైకులు పెట్టి బతికిన షాపు మాది, గొప్పగా చెప్పుకోవడానికేం లేదు.

అట్లాంటి షాపుకు ఒకరోజు ఆళ్ళగడ్డ పక్క పల్లె సర్పంచి జీపులో వచ్చాడు. తరాలుగా సేద్యం చేసే కుటుంబం, గట్టి మనిషి. గట్టిగా మాట్లాడే మనిషి కూడా. ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చుని చాలాసేపు మీసం నిమురుకుంటూ ఉండిపోయాడు. తర్వాత చెప్పాడు.

"మా తమ్ముడు ఆళ్ళగడ్డలో పశువులాసుపత్రి కాంపౌండరు. ఎడమచేతి మణికట్టు కాడ గడ్డ లేసింది. రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయి చూపిస్తిమి. చెయ్యి తీసేయాల్నంట, లేకుంటే మనిషే దక్కడంట. వాడు గిటారు వాయిస్తాడప్పా. ఈడ నంద్యాల్లో పాదిరోళ్ళ మిషను హాస్టల్లో చదివేటప్పుడు నేర్చినాడు. చెయ్యి పొయ్యేలోపల ఒకసారి టేపులో ఎక్కియ్యాల."

మా ఓనరు తల పంకించి, "ఎక్కిద్దాం అన్నా. ఒక మైకు, ఒక క్యాసెట్ డెక్కు తెస్తాం" అన్నాడు.

సర్పంచి మొహం మారిపోయింది. "ఒక్క మైకా? మంత్రొచ్చినప్పుడు ఆరు పెడ్తివే? నా తమ్ముడు యా లెక్కలో తక్కువ?"

"అయ్యో, ఆరే పెడతాంలే అన్నా."

"అన్నీ పనిజెయ్యాల. నీ ఉత్తి మైకుల కత నాకు తెల్దనుకోవద్దు. నా ఎలెక్షన్ సభలో ఒగదాంట్లో మాట్లాడి మాట్లాడి గొంతు పాయ, మొదటి వరసోనికి గూడా వినపళ్ళే."

మా ఓనరు ఎన్నడూ లేనిది సిగ్గుపడి, ఆరూ తగిలిస్తానని ఒట్టేశాడు. వాటన్నిటినీ తగిలించడానికి ఒక మిక్సరు ఎక్కడో బనగానపల్లెలో అడిగి తెచ్చాడు. జీవితంలో ఒక్కసారి నిజాయితీగా ఉండాలనుకున్నాడు మహానుభావుడు, అదే కొంప ముంచింది.

వాళ్ళు రాయవేలూరు బస్సెక్కడానికి ముందురోజు పొద్దున్నే మేము ఆళ్ళగడ్డ చేరాం. కాంపౌండరు ఇల్లు పశువులాసుపత్రి వెనక వీధిలో ఉంది. పెద్ద పడసాల, కింద నాపబండలు, చుట్టూ బోడిగోడలు. చప్పట్లు కొడితే చప్పుడు నాలుగు గోడలకూ తగిలి మళ్ళీ మన మొహానే పడుతుంది. రికార్డింగుకు అంతకంటే చెడ్డ గది కావాలంటే బావిలో దిగాలి.

కాంపౌండరు సన్నటి మనిషి. ఎడమ మణికట్టు మీద నిమ్మకాయంత గడ్డ, దాని చుట్టూ చర్మం నున్నగా మెరుస్తోంది. కాస్త వాయిస్తే చెయ్యి మొద్దుబారుతుందని, ఇంకాస్త వాయిస్తే వేళ్ళు మాట వినవని ముందే చెప్పాడు. "రెండు మూడు మాట్ల కంటే వాయించనీకి రాదన్నా, ఇబ్బంది పెడ్తాండా మిమ్మల్ని" అని నాకే క్షమాపణ చెప్పాడు. చెయ్యి పోతున్నవాడు వైర్లు మోసేవాడికి క్షమాపణ చెప్పడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇక అక్కడి సంబరం చెబుతాను. సర్పంచి ఊరంతటినీ తీసుకొచ్చాడు. పడసాల నిండా చాపలు, చాపల నిండా జనం. దగ్గేవాళ్ళు, చుట్ట కాల్చేవాళ్ళు, "ఇదేందప్పా ఇంత లావుండాది" అని గిటారును వేలితో పొడిచి చూసేవాళ్ళు. ఆరు స్టాండ్లు వరసగా నిలబెట్టాం. మొదటి మైకుకు పసుపూ కుంకుమా పెట్టారు. అన్నిటికీ మల్లెపూలు చుట్టారు. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు మిక్సరు మీద చిలకరించబోతుంటే నేను అడ్డంపడి ఆపాను. "శాస్త్రం తెల్దా నీకు?" అని ఒక పెద్దాయన నన్ను కసిరాడు. కరెంటు శాస్త్రం తెలుసు స్వామీ అన్నాను. ఆయనకది నచ్చలేదు.

మైకులు ఎక్కడ పెట్టాలి? మా ఓనరు గిటారు చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. దాని నడుమ ఉన్న గుండ్రటి బొక్క చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదో, నోరు ఈడుండాది!" అన్నాడు. ఒక మైకును సరిగ్గా ఆ బొక్క ముందు, లోపలికి తొంగిచూసేటట్టు పెట్టించాడు. మిగతా అయిదింటినీ అర్ధచంద్రాకారంగా, చూడ్డానికి దర్బారులా పేర్చాడు. సర్పంచి ఒక్కొక్క మైకునూ గోటితో తట్టి, ఊది, చప్పుడు వస్తున్నదని రూఢి చేసుకున్నాడు.

ఆ తర్వాత ఉపన్యాసం! మొదటి మైకు ముందు నిలబడి సర్పంచి, తమ వంశం గురించి, తన పదవి గురించి, ఊరికి తెచ్చిన తారురోడ్డు గురించి మాట్లాడాడు. తమ్ముడి దాకా వచ్చేసరికి "వీడు నా తమ్ముడు" అని మాత్రం అని కూర్చున్నాడు. క్యాసెట్టు ఒక వైపు సగానికి పైగా అయిపోయింది. ఆ చివరి మాటొక్కటి ఉంచి మిగతాదంతా చెరిపేసి ఉంటే బాగుండేది.

కాంపౌండరు వాయించాడు. మా వైపు ఆడవాళ్ళు కోలాటం ఆడేటప్పుడు పాడే వరసలు ఆ గిటారు మీద ఎంత చక్కగా కూర్చాడో! ఎదురుగా కూర్చున్న నాకు చెవులకు తెలుస్తూనే ఉంది. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వేరే లోకం. బొక్క ముందున్న మైకులో గుమ్ గుమ్ అని బర్రె కడుపులో గాలి తిరిగినట్టు ఒకటే మోత. మిగతావి ఇంకా అన్యాయం. ఒకే చప్పుడు ఆరు మైకులకూ ఒకేసారి చేరదు, ఒకదానికి ముందు, ఒకదానికి రవ్వంత వెనక. ఆరింటినీ ఒకే వైరులో కలిపితే ఒకదాన్నొకటి తన్నుకుని చస్తాయి. ఆరుగురు ఒకే మాటను వెనకాముందుగా అంటే ఆ మాట ఏమైనా అర్థమవుతుందా? గిటారు డబ్బా లోపల నుంచి ఏడుస్తున్నట్టు వచ్చింది.

ఓనరుతో చెప్పాను. "అట్లయితే ఇంగా దగ్గరికి జరుపు" అన్నాడు. జరిపాం. మళ్ళీ వాయించాడు. మోత ఎక్కువైంది. "ఎకో తగిలియ్యి, మద్రాసులో అంతా ఎకోనే" అన్నాడు. అప్పటికే ఆ గదిలో ఊరికి సరిపడా ఎకో ఉంది. పైన మిషన్ ఎకో కూడా కలిపితే, మళ్ళీ వాయించిన కోలాటం గుహలో తప్పిపోయిన మనిషి కేకలా తయారైంది. ఒక్కొక్కసారి వాయించినప్పుడల్లా కాంపౌండరు వేళ్ళు కాస్త కాస్త నెమ్మదిస్తున్నాయి. అది నాకొక్కడికే కాదు, వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ గ్లాసులు అందిస్తున్న ఆయన భార్యకూ కనబడుతోంది.

టేపు తిప్పి వినిపించాం. జనం తలలూపారు. ఎవరో "రేడియోలో వచ్చినట్టే ఉండాది" అన్నారు. కాంపౌండరు పాపం, "బాగుండాది" అన్నాడు. ఆయన మొహం మాత్రం బాగాలేదు.

ఆయన భార్య గ్లాసుల పళ్ళెం కింద పెట్టి, "ఇది ఆయప్ప వాయించేది కాదు" అంది.

సర్పంచి సర్దబోయాడు. "నీకేం తెలుసులేమ్మా, ఆరు మైకులు పెడితిమి."

"ఆరు గాకుంటే అరవై పెట్టుకోండి బావా. ఈ సప్పుడు మా ఇంట్లోది కాదు. ఇన్నేండ్లు విన్నదాన్ని, నాకు తెల్దా?"

మా ఓనరు చిన్నగా నవ్వి, "అమ్మా, మద్రాసు స్టూడియోల్లో..." అని మొదలుపెట్టాడు. ఆమె ఆయన వైపు కూడా చూడలేదు. నాకు ఆ క్షణంలో ఆమెకు దండం పెట్టాలనిపించింది.

అంతలో భోజనాల పిలుపు వచ్చింది. సర్పంచి తన ఇంట్లో ఊరందరికీ మాంసం, జొన్నరొట్టెలు చేయించాడు. ఆ మాట వినగానే సంగీతాభిమానులందరూ ఒక్కసారిగా లేచారు. అందరికంటే ముందు లేచింది మా ఓనరు. "రేయ్, మైకులు చూసుకో. తినొచ్చినాంక ఇంగో మాటు బాగా దగ్గర పెట్టి చేద్దాం" అని నాకు చెప్పి జీపెక్కాడు. కాంపౌండరు చెయ్యి పట్టేసిందని, తానుండిపోతానని అన్నను పంపించేశాడు. ఇల్లు ఖాళీ అయింది. అంత ప్రశాంతత నాకు ఆ పొద్దు అదే మొదటిసారి.

ఆమె గిన్నెలో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు తెచ్చి భర్త చెయ్యి అందులో ముంచింది. ముంచి, ఇక ఆపుకోలేక ఏడ్చింది. "రేప్పొద్దున బస్సెక్కాల. మల్ల యాడిదన్నా ఈ చెయ్యి? వీళ్ళు కూటికి పాయిరి" అంది నాతో. మా షాపు మొహం మీద ఉమ్మేసినా తప్పులేదనిపించింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"అక్కా, ఆయన వాయించేటప్పుడు నువ్వు యాడ కూచ్చోని వింటావు?"

వెర్రివాడిని చూసినట్టు చూసింది. తర్వాత నడిమింటి గడప చూపించింది. సాయంత్రంపూట అక్కడ కాళ్ళు చాపుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంటుందట. గడప వెనక గోడవారగా వేరుశనగ మూటలు పేర్చి ఉన్నాయి. నేను పోయి ఆమె చోట కూలబడ్డాను. "ఒక్క తీగ మీటన్నా" అన్నాను. కాంపౌండరు తడిచెయ్యి తుడుచుకుని మీటాడు.

ఏం చెప్పను? మూటలు గది మోతను మింగేశాయి. గోరు తీగకు తగలడం, తీగ మోగడం, ఆ మోతను చెక్క పట్టుకుని వెచ్చగా వదలడం, అన్నీ విడివిడిగా, అన్నీ కలిసి వినిపించాయి. పొద్దున్నుంచి ఆరు మైకులతో మేము వెతికింది ఆమె రోజూ బియ్యం ఏరుకునే చోట ఉంది.

ఆ ఆరింటిలో బ్యాటరీ వేసే సున్నితమైన మైకు ఒక్కటే ఉండేది. దానికున్న మల్లెపూలు పీకేశాను. బియ్యం కొలిచే పడిని బోర్లించి, పైన తువ్వాలు మడిచి వేసి, ఆమె కూర్చుంటే చెవి ఎక్కడికి వస్తుందో అక్కడికి ఎత్తు సరిచేసి పెట్టాను. మిగతా అయిదూ పీకి పారేశాను. మంత్రిగారి పరువు పోతే పోనీ.

సున్నితమైన మైకుతో ఒక చిక్కు, అది వీధిని కూడా వింటుంది. పక్కింట్లో ఎవరో రోట్లో దంచుతున్నారు. వీధిలో బండ్లు పోతున్నాయి. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది.

"నేను చూసుకుంటాలే. మీరు కానీండి" అని బయటికి పోయి తలుపు దగ్గరగా వేసింది. కాసేపటికి రోటి చప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే వీధి మొదట్లో నిలబడి ఒక ఎద్దులబండిని ఆపుతోంది. బండివాడు ఏదో అనబోతే నోటి మీద వేలు పెట్టి చూపించింది. నేను డెక్కులో కొత్త క్యాసెట్టు వేసి మీట నొక్కాను.

కాంపౌండరు వాయించాడు. పొద్దున వాయించిన కోలాటం వరసే, కానీ ఇప్పుడు ఎవరికోసమో కాకుండా వాయించాడు. నడుమ ఒకచోట వేలు జారింది. ఆగకుండా జారినచోటే ఒక చిన్న మెలిక వేసుకుని ముందుకు పోయాడు. చివరికి వచ్చేసరికి ఎడమచెయ్యి తీగలను అదమలేకపోతోంది, స్వరాలు పలచబడిపోతున్నాయి. అయినా వరస పూర్తిచేశాడు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని కాసేపు చూసి, "అయిపాయన్నా" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

మా ఓనరు త్రేన్పులు తీసుకుంటూ తిరిగొచ్చి, పీకేసిన మైకులు చూసి అగ్గయిపోయాడు. "ఒక్క మైకుతో చేస్తివా? పడి మీద పెడ్తివా? అన్న చూస్తే నా పరువేం గావాల రా?" అని ఆరూ మళ్ళీ తగిలించాడు. కానీ వాయించడానికి చెయ్యి ఎక్కడుంది? వేళ్ళు ముడుచుకోవడం కూడా లేదు. చివరికి పొద్దుటి టేపే ఖాయం చేశారు. సర్పంచి ఆ ఆరు మైకుల క్యాసెట్టుకు నకళ్ళు తీయించి బంధువులందరికీ పంచాడు, పెళ్ళిళ్ళలో హారన్ స్పీకర్లు పెట్టి వినిపించాడు. తారురోడ్డు ఉపన్యాసం జనాలకు బాగా నచ్చిందట. మా ఓనరైతే ఆత్మకూరు దాకా చెప్పుకున్నాడు, నంద్యాల చుట్టుపక్కల ఆరు మైకుల రికార్డింగు చేసింది తానొక్కడేనని. నిజమే, అంత బుద్ధిలేనివాడు ఇంకొకడు దొరకలేదు.

నా క్యాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది, ఎందుకంటే మరునాడే వాళ్ళు బస్సెక్కి పోయారు. రాయవేలూరులో చాలాకాలం ఉండాల్సి వచ్చిందట. తిరిగొచ్చారని తెలిశాక ఒక ఆదివారం షాపు టేప్‌రికార్డరు చంకలో పెట్టుకుని ఆళ్ళగడ్డ పోయాను. కాంపౌండరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఎడమచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. ఆమె నడిమింటి గడప దగ్గర చేట ముందు పెట్టుకుని ఉంది. గిటారు ఎక్కడా కనబడలేదు, నేనూ అడగలేదు.

క్యాసెట్టు పెట్టాను. వేలు జారినచోటికి వచ్చినప్పుడు ఆయన తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. ఆమె చేతులు చేటలో ఆగిపోయి ఉన్నాయి. స్వరాలు పలచబడి, టేపు అయిపోయింది.

"ఇట్ల వినపడేదా నీకు, ఆడ కూచ్చుంటే?" అన్నాడాయన భార్యతో. "నేను ఎప్పుడూ గిటారు మీదికి వంగి వింటాంటి గదా. నాకెప్పుడూ ఇట్ల వినపళ్ళేదే!"

"రోజూ ఇట్లనే వినపడేది" అంది ఆమె. "ఆ పొద్దుదే వినలే నేను. వీధిలో బండ్లు నిలబెడ్తాంటి. ఇప్పుడే వింటాండా."

నేను టేప్‌రికార్డరు దగ్గరికి లేవబోతే ఆయన వద్దన్నాడు. తానే మంచం దిగి వచ్చి, కుడిచేత్తో క్యాసెట్టును మొదటికి తిప్పి, మీట నొక్కాడు. గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"జరుగు రోంత, నన్నూ ఆడ కూచ్చోనీ" అన్నాడు.